తాకి చూడలేని చీరను అమ్మడం ఎలా

(చేనేత కుటుంబాల యువతీయువకుల కోసం మంగళగిరిలో పెట్టిన సమావేశంలో ఒక చీరల వ్యాపారి చేసిన ప్రసంగం ఇది. ఆమె ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, మొదటి వరస అంతా ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమా? అడగనులెండి. అడిగినా మార్కులు వెయ్యను.

పిలిచినవాళ్లు నన్ను డిజిటల్ మార్కెటింగ్ గురించి చెప్పమన్నారు. నేను చదివింది ఇంటర్. నాకు మార్కెటింగ్ నేర్పింది ఒక బాటిల్ గ్రీన్ చీర. ముందు దాని కథ చెప్తాను, మిగతాది దాని వెనకే వస్తుంది.

2020. లాక్‌డౌన్. మా మామయ్యగారికి అప్పుడు నాలుగు మగ్గాలు. నేసిన చీరలు బీరువాలో పేరుకుపోయాయి. షావుకారు సరుకు తీసుకోవట్లేదు, నూలు బాకీ మాత్రం అడుగుతూనే ఉన్నాడు. మీ ఇళ్లలోనూ ఇదే కదా? తలలూపుతున్నారు. నేను ఏం చేశానంటే, నాతో ఇంటర్ చదివిన ఆడపిల్లల వాట్సాప్ గ్రూపులో రెండు ఫొటోలు పెట్టాను. వారంలో ఆరు చీరలు పోయాయి. మా అత్తగారు మూడుసార్లు అడిగారు: "దుకాణం లేదు, మనిషి రాలేదు, బేరం ఆడలేదు, ఎట్లా కొన్నారే?" అని.

ఏడోది తిరిగొచ్చింది. కొన్నావిడ ఫోన్ చేసి, "నేను నెమలికంఠం రంగు చూసి కొన్నానండీ, మీరు ఆకుపచ్చ పంపారు" అంది. నాకు కోపం వచ్చింది. నెమలికంఠం రంగు మా ఇంట్లో నెయ్యనే లేదు! అప్పుడు నేను పెట్టిన ఫొటో మళ్లీ తీసి చూశాను. నిజంగానే నెమలికంఠం. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీశాను, ఫోన్ దాన్ని నీలంలోకి లాగేసింది. ఆవిడ అబద్ధం ఆడలేదు, నేను ఆడలేదు. అబద్ధం ఆడింది ఫోన్. డబ్బులు పోయింది మాత్రం నాకు.

ఇప్పుడు ఒక్కటి ఆలోచించండి. కొట్టుకి వచ్చినావిడ చీర ఎలా కొంటుంది? మీరు చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతుంది. తర్వాత? చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్తుంది. వెళ్తుందా లేదా? లోపల ఎన్ని లైట్లున్నా సరే, ఎండ వెలుగులో చూస్తే గానీ రంగు నమ్మదు. తర్వాత అంచు తిరగేసి చూస్తుంది. అప్పుడు గానీ ధర అడగదు.

ఫోన్‌లో కొనేవాళ్లకి ఆ వేళ్లు లేవు, ఆ గుమ్మం లేదు. ఆ వేళ్లూ, ఆ గుమ్మమూ మనమే పంపించాలి. నా వ్యాపారం అంతా ఇదే. యాప్‌లూ, ప్రకటనలూ, హ్యాష్‌ట్యాగులూ అన్నీ తర్వాత.

అందుకని నేను ఏం చేస్తున్నానంటే, పొద్దున ఎనిమిది నుంచి పది లోపే ఫొటోలు. వరండా నీడలో, నేరుగా ఎండ పడని చోట. ఎండ మీద పడితే జరీ తెల్లగా పేలిపోయి కనిపిస్తుంది. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెడతాను. ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే రంగులు సరిగ్గా వచ్చినట్టు, పచ్చగానో నీలంగానో ఉంటే చీర రంగు కూడా అటే జరిగినట్టు. ఫిల్టర్లు వద్దు. ఫోన్ దానంతటదే అందం పెంచే సెట్టింగ్ ఉంటుంది, అది ముందు ఆపండి. తర్వాత చీర కింద చెయ్యి పెట్టి ఒక ఫొటో. ఎందుకు? గుడ్డ ఎంత పల్చనో తెలియాలి. అంచు వెనక వైపు ఒకటి. కొంగు పూర్తిగా పరిచి ఒకటి. రంగు పేరు నోటితో కూడా చెప్తాను, "ఫొటోలో కంటే ఒక పిసరు ముదురుగా ఉంటుంది" అని. ఆ మాట విని మానుకునేవాళ్లు మానుకుంటారు. మానుకోనివ్వండి. ఇవాళ మానుకున్నావిడ రేపు చీర వెనక్కి పంపదు.

వీడియోల సంగతి చెప్తా, నవ్వొద్దు. ఒకసారి మా గుంట మగ్గం గోతిలో పిల్లి పిల్లల్ని పెట్టింది. మా అమ్మాయి రీల్ తీసి పెట్టింది. నాలుగు లక్షల మంది చూశారు! ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. ఎన్ని చీరలు అమ్ముడయ్యాయి? రెండు. పిల్లిపిల్లని ఇస్తారా అని అడిగినవాళ్లు మాత్రం చాలామంది. తర్వాతి నెల మా అత్తగారు చీర మడత విప్పి, చెయ్యి కింద నుంచి పోనిచ్చి, అంచు పట్టి రెండుసార్లు లాగి చూపించారు. నలభై సెకన్లు. పాట లేదు, ఏమీ లేదు, గుడ్డ చప్పుడు తప్ప. చూసింది మూడు వేల మంది. అమ్ముడయినవి ఇరవై ఆరు.

వ్యూస్ వద్దనట్లేదు నేను. వ్యూస్ వేరు, బేరం వేరు. తిరునాళ్లలో వేల మంది మన కొట్టు ముందు నుంచి పోతారు. వాళ్లందరూ చీర కోసం వచ్చారా?

ఇదే తప్పు ప్రకటనల్లో కూడా చేశాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్ట్ కింద "బూస్ట్" అని బటన్ ఉంటుంది చూశారా, దాన్ని నొక్కి మూడు వేలు పోశాను. లైకులే లైకులు. ఎవరా అని చూస్తే పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు! ఎక్కడెక్కడి వాళ్లో. వాళ్లకి మంగళగిరి చీర ఎందుకు? తప్పు ఇన్‌స్టాగ్రామ్‌ది కాదు. ఆ యంత్రాన్ని ఏది అడిగితే అది తెచ్చిపెడుతుంది. లైకులు కావాలంటే, లైకులు కొట్టే అలవాటున్నవాళ్లని వెతికి తెస్తుంది. మెసేజ్‌లు కావాలంటే మెసేజ్ చేసే అలవాటున్నవాళ్లని తెస్తుంది. నేను అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు ఆడవాళ్లు, ముప్ఫై దాటినవాళ్లు, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, విజయవాడ, విశాఖ అని పెట్టి, లక్ష్యం దగ్గర మెసేజ్‌లు అని ఎంచుకుంటాను. రోజుకి రెండొందలు. అంతకంటే పెట్టను.

ఇంకోటి, ఆ ప్రకటనల చోటు వేలంపాటలో పోతుంది. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లదే అని కాదు గానీ, పాడేవాళ్లు పెరిగితే రేటు పెరుగుతుంది. దసరా, దీపావళి ముందు పెద్ద పెద్ద కంపెనీలన్నీ పాటకి దిగుతాయి. ఆషాఢంలో పట్టణాల్లో పెద్ద కొట్లన్నీ తగ్గింపులు పెట్టుకుంటాయి. అప్పుడు మనం రెండొందలు పట్టుకుని వెళ్తే ఎవరికి కనిపిస్తాం? మనది నూలు చీర. శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యేటప్పుడు నూలు చీర గుర్తొస్తుంది. నేను డబ్బు అప్పుడు పెడతాను. పండగలకి పాతవాళ్లకే వాట్సాప్‌లో చెప్తాను. దానికి ఖర్చు లేదు.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. గ్రూపు పెట్టారా ఎవరైనా? చేతులెత్తండి. ఊఁ, చాలామందే ఉన్నారు. నేనూ పెట్టాను. మూడు వందల మంది చేరారు. నెల తిరక్కుండా ఇంకో అమ్మకందారు ఆ గ్రూపులో చేరి, నంబర్లన్నీ తీసుకుని, ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్‌లు పెట్టేసుకుంది. మన ఇంటి గుమ్మం ముందు నిలబడి మన చుట్టాల్ని భోజనానికి పిలిచినట్టు! అప్పట్నుంచి బ్రాడ్‌కాస్ట్ లిస్టే. ఒక్కసారి పంపితే అందరికీ విడివిడిగా వెళ్తుంది. ఒక లిస్టులో 256 మంది. ఒకరి నంబర్ ఒకరికి కనపడదు. కాకపోతే ఒక మెలిక ఉంది. మన నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసుకుంటేనే ఆ మెసేజ్ వెళ్తుంది. అందుకే పార్సెల్‌లో ఒక చీటీ పెడతాను, "ఈ నంబర్ సేవ్ చేసుకుంటే కొత్త చీరలు ముందు మీకే కనిపిస్తాయి" అని. చేసుకోనివాళ్లకి మన మీద ఆసక్తి లేదన్నమాట, వదిలెయ్యండి.

మరి పెద్ద సైట్లలో పెట్టొద్దా అంటారు. పెట్టండి. నేనూ పెట్టాను. అక్కడ జనం ఉన్నారు, నమ్మకం ఉంది. మన తెలుగువాళ్లకి ఆన్‌లైన్‌లో కొనడం కొత్తేమీ కాదు తెలుసా? 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలయినప్పుడు వాళ్ల మొదటి కస్టమర్ మన మహబూబ్‌నగర్ మనిషే. పుస్తకం ఆర్డర్ చేశారు. ఆ పుస్తకం దొరక్క బెంగళూరులో కొట్లన్నీ వెతికి సంపాదించి మరీ పంపారట. మొదటి బేరం పోకూడదు కదా! ఎంత పెద్ద కంపెనీ అయినా బోణీ బేరం బోణీ బేరమే.

కానీ అక్కడ మీ పక్కన కూర్చునేది ఎవరో చూసుకోండి. "మంగళగిరి" అని టైపు చేస్తే మన చీర పక్కనే మరమగ్గం చీర, దాని పక్కన ప్రింటు చీర, అన్నీ ఒకే సైజు బొమ్మలో కనిపిస్తాయి. కంటికి తేడా ఏముంది? ధర ఒక్కటే తేడా. అప్పుడు తక్కువ ధర ఉన్నదే కొంటారు. పైగా కొన్నది ఎవరో మీకు తెలియదు. పేరు, ఊరు మాత్రం చీటీ మీద ఉంటాయి. రెండో చీర కావాలంటే ఆవిడ మళ్లీ ఆ సైట్‌కే వెళ్తుంది, మీ దగ్గరికి రాదు. అది అద్దె కొట్టు. అద్దె కొట్టు తప్పు కాదు. కానీ రేపు అద్దె పెంచితే ఏం చేస్తారు? 2020 జూన్ ఆఖర్లో టిక్‌టాక్ ఆపేశారు గుర్తుందా? అందులోనే చీరలు చూపించుకునేవాళ్లకి ఒక్క రాత్రిలో కొట్టు మూతపడింది. కస్టమర్ నంబర్లు పుస్తకంలో రాసుకున్నవాళ్లు మళ్లీ నిలబడ్డారు.

జీఎస్టీ సంగతి ఒక్క ముక్క. 2023 అక్టోబర్ 1 నుంచి, సరుకు అమ్మే చిన్నవాళ్లు, ఏడాది అమ్మకాలు పరిమితి దాటకపోతే, సొంత రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఈ సైట్లలో అమ్ముకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ ఒకటి తీసుకుంటే చాలు. మన ఆంధ్రాలో ఆ పరిమితి ఏడాదికి 40 లక్షలు. పక్క రాష్ట్రానికి పంపితే లెక్క మారుతుంది, ఆడిటర్‌ని అడగండి. నన్నడక్కండి.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే సంగతి. క్యాష్ ఆన్ డెలివరీ.

మన దేశంలో ఆన్‌లైన్ వ్యాపారం ఊళ్లకి చేరిందే దీనివల్ల. 2010లో ఫ్లిప్‌కార్ట్ మొదలుపెట్టింది, జనం చేతికి సరుకు వచ్చాకే డబ్బు ఇచ్చారు. మంచిదే. కానీ అది కంపెనీలు భరించగలవు, మనం భరించగలమా? నా పుస్తకంలో లెక్క చెప్తాను, రాసుకోండి. చీర అమ్మింది 1,800కి. నూలు, జరీ, మజూరీ అన్నీ కలిపి 1,350. కొరియర్ 90. కవరూ అట్టా 20. ఒక్క చీర అమ్మడానికి అయిన ప్రకటన ఖర్చు 120. మిగిలింది ఎంత? 220. బాగానే ఉంది కదా? ఇప్పుడు ఆ చీర గుమ్మం దాకా వెళ్లి, "మా ఆయన వద్దన్నారు" అని వెనక్కొచ్చింది. వెళ్లడానికి 90, రావడానికి 90, కవరు 20, ప్రకటన 120. మొత్తం 320 పోయింది. చీర నలిగి వచ్చింది, అది వేరే. ఇలాంటివి పదిలో నాలుగు వస్తే? ఆరు చీరల లాభం 1,320. నాలుగు వాపసుల నష్టం 1,280. పది చీరలు పంపిస్తే మిగిలింది 40 రూపాయలు. మా వీధి చివర టీ బండి దగ్గర ఇద్దరం టీ తాగితే సరి.

ఒక దసరాకి నాకు సరిగ్గా ఇదే జరిగింది. ఆర్డర్లే ఆర్డర్లు, ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. పండగయ్యాక లెక్క చూసుకుంటే ఏమీ లేదు. మా ఆయన అన్నారు, "ఇంత కష్టం పడి కొరియర్ కంపెనీకి పని చేశామే" అని.

అప్పట్నుంచి ముందు డబ్బు పంపిస్తేనే పార్సెల్. ఫోన్‌లో యూపీఐ ఉంది, 2016లో వచ్చింది, ఇప్పుడు కొత్తిమీర కట్టకి కూడా స్కాన్ చేస్తున్నారు. "మిమ్మల్ని ఎలా నమ్మాలి?" అని అడుగుతారు. అడగాలి. అడిగినావిడకి ఏం చేస్తానంటే, చిన్న చీటీ మీద ఆవిడ పేరు, ఆ రోజు తేదీ రాసి, ఆవిడ ఎంచుకున్న చీర మీదే పెట్టి, మడత విప్పుతూ వీడియో తీసి పంపుతాను. నిమిషం పని. అంతవరకూ బేరమాడినవాళ్లు కూడా ఆ వీడియో చూశాక డబ్బు పంపేస్తారు. ఎందుకు? ఆ చీర నా చేతిలో నిజంగా ఉందని తెలిసింది. తన పేరు కూడా కనిపించింది.

ఆ చీటీ అలవాటు ఎందుకొచ్చిందో చెప్తాను. ఒకరోజు తెనాలి నుంచి ఒకావిడ ఫోన్ చేసి తిట్టింది. 599కి మంగళగిరి చీర అని పెడితే కొన్నాను, ఉతికితే రంగంతా పోయింది అని. నేను 599కి ఎప్పుడమ్మానమ్మా? ఆవిడ ఆ పేజీ ఫొటో పంపింది. చూస్తే మా అత్తగారి చెయ్యి! ఆకుపచ్చ గాజులు, మణికట్టు మీద పెనం కాలిన మచ్చ, అన్నీ ఉన్నాయి. మా వీడియోలోంచి ఫొటో కోసి పెట్టుకున్నారు. మా అత్తగారికి చూపిస్తే, "నా చెయ్యి అమ్మేసుకుంటున్నారా!" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రిపోర్ట్ కొట్టాం, చాలా రోజులకి ఆ పేజీ పోయింది. ఇంకో పేరుతో మళ్లీ వచ్చే ఉంటుంది.

మన మంగళగిరి చీరకి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఇక్కడ నేసినదానికే చెందుతుందని. చేనేతదే అని చెప్పే హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ 2006 నుంచి ఉంది. అవి పెట్టుకోండి, చూపించండి. కానీ లేబుల్ ఒక్కటే చాలదు. చీర రెండు అంచుల చివరా సూదులు గుచ్చిన చిన్న చిన్న బెజ్జాలుంటాయి కదా, నేసేటప్పుడు వెడల్పు లాగి పట్టే కర్రకి ఉన్న సూదులవి. మనకి అది మామూలు సంగతి. నేను దాన్ని దగ్గరగా చూపించి ఒక వీడియో చేశాను. "చీరకి బెజ్జాలు పడ్డాయి, డ్యామేజీ" అని వెనక్కి పంపినావిడ కూడా ఆ వీడియో చూశాక ఫోన్ చేసి సారీ చెప్పింది. మనకి తెలిసిందే కదా అని మనం చెప్పం. కొనేవాళ్లకి తెలియనిది అదే.

ఒక సంగతి ఒప్పుకుంటాను. మొదట్లో నేను కూడా "చివరి పీసు, త్వరపడండి" అని రాసేదాన్ని, బీరువాలో ఇంకో ఎనిమిది పెట్టుకుని. అందరూ రాస్తున్నారు కదా అని. 2023 నవంబర్‌లో కేంద్రం ఒక పట్టిక ఇచ్చింది, కస్టమర్‌ని మోసపుచ్చే పద్ధతులు 13 అని. అందులో ఈ దొంగ తొందర కూడా ఉంది. చట్టం సంగతి అటుంచండి. అసలు మనకి అబద్ధం అవసరమా? ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు నూలు మీద, కొన్ని చీరలే వస్తాయి. అది అయిపోయాక అదే రంగు మళ్లీ అద్దించినా అచ్చంగా అదే రాదు. మనకి నిజంగానే చివరి పీసు ఉంటుంది! ఇప్పుడు "ఈ పడుగు మీద ఇంకా మూడు చీరలే ఉన్నాయి, నాలుగోది మగ్గం మీద ఉంది" అని మగ్గం చూపిస్తూ పెడతాను. దానికి తిరుగుందా? మిల్లువాళ్లు ఈ మాట అనగలరా?

మోసాల గురించి మా తమ్ముళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోండి. డబ్బు పంపాను అని స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. బ్యాంకు యాప్ తెరిచి చూసుకున్నాకే పార్సెల్ కట్టండి. ఇంకోటి, ఎవడో ఫోన్ చేసి మిలిటరీ ఆఫీసర్‌ని, యాభై చీరలు కావాలి, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి, డబ్బు వస్తుంది అంటాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, సిగ్గుపడి ఇంట్లో దాచిపెట్టకండి.

అమెరికాకి చీరలు పంపడం గురించి అడిగారు ఇందాక బయట. న్యూజెర్సీ, డల్లాస్ అక్కలు మనకి మంచి కస్టమర్లు. 2025 ఆగస్టు 29 దాకా 800 డాలర్ల లోపు పార్సెల్‌కి అక్కడ సుంకం లేదు. ఆ రోజు నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. మన పోస్టాఫీసు కూడా కొన్నాళ్లు చాలా పార్సెళ్లు తీసుకోలేదు, అక్టోబర్ మధ్యలో మళ్లీ మొదలుపెట్టారు. అప్పుడు నా దగ్గర కట్టి పెట్టిన పార్సెళ్లు ఏడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను, డబ్బు కావాలంటే తిరిగిస్తాను అని. ఇద్దరు తీసుకున్నారు. ఐదుగురు, "ఉంచమ్మా, ఎవరైనా ఇండియా నుంచి వస్తుంటే తెప్పించుకుంటాం" అన్నారు. సుంకాల రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి పార్సెల్ పంపే రోజు అడిగి, ఆ ఖర్చు ఎవరిదో ముందే చెప్పెయ్యండి. అక్కడ గుమ్మంలో బిల్లు చూసి ఆవిడ ఉలిక్కిపడకూడదు.

టైమ్ ఎంతయింది? నాలుగున్నర. కొరియర్ అబ్బాయి ఐదున్నరకి మా ఇంటికొస్తాడు, ఇవాళ పదకొండు పార్సెళ్లున్నాయి. ఇంకా మాట్లాడితే మీకు నిద్ర, నాకు ఆలస్యం. సంచిలో మూడు చీరలు తెచ్చాను. అందులో ఒకటి బాటిల్ గ్రీన్, ఆ పాతదే, అమ్మలేదు, దాచుకున్నాను. నలుగురు నలుగురుగా ఆ పడమటి కిటికీ దగ్గరికి రండి. ముందు ఇక్కడ లైటు కింద ఒక ఫొటో తియ్యండి, తర్వాత కిటికీ దగ్గర ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బాబూ, ఆ తెల్ల కాగితం ఇటివ్వు. ట్యూబ్‌లైట్ స్విచ్ దగ్గర ఎవరున్నారు? నేను చెప్పినప్పుడు ఆర్పండి.